పాత హోండా సివిక్‌లో ఇంటెగ్రా ఇంజిన్: ఇంటి గరాజ్‌లో మార్చుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ జవాబులన్నీ అమెరికాలో అమ్మిన 1992–95 హోండా సివిక్ గురించి, అదీ మాన్యువల్ గేరు కార్ల గురించి. ఆ తరం సివిక్‌లో 1994–2001 అక్యూరా (హోండా వాళ్ళదే ఇంకో బ్రాండు) ఇంటెగ్రా ఇంజిన్ బాడీ కోయకుండా, వెల్డింగ్ లేకుండా బోల్టులతోనే కూర్చుంటుంది. మొదటిసారి ఇంజిన్ మార్చాలనుకునే వాళ్ళకు ఇంతకంటే అనువైన పాత కారు తక్కువ. అమెరికాలో సొంత గరాజ్ ఉండి, ఓపిగ్గా పనిచేసే తెలుగువాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాశాం. ఇండియా సంగతి విడిగా ఒక ప్రశ్నలో ఉంది.

నా సివిక్‌లో ఇప్పుడున్న ఇంజిన్ బలం ఎంత? మార్చాల్సిన అవసరం ఉందా?

మోడల్‌ను బట్టి ఉంటుంది: సీఎక్స్‌లో 70, వీఎక్స్‌లో 92, డీఎక్స్, ఎల్ఎక్స్‌లలో 102, ఈఎక్స్, ఎస్ఐలలో 125 హార్స్‌పవర్. ఇవన్నీ డి-సిరీస్ ఇంజిన్లే. మీ బాధ ఆయిల్ తాగడం, పొగ రావడం మాత్రమే అయితే అదే రకం మంచి ఇంజిన్ తెచ్చి వేసుకోండి. పని సగమవుతుంది, కాగితాల గొడవా ఉండదు.

డీఎక్స్ ఉన్నవాళ్ళకు మధ్యేమార్గం ఒకటుంది. ఈఎక్స్‌లో వచ్చే 1.6 లీటర్ల డి16జెడ్6 ఇంజిన్ డీఎక్స్ మౌంట్ల మీదే కూర్చుంటుంది, పాత గేర్‌బాక్స్‌కే కలుస్తుంది, యాక్సిళ్ళు కూడా అవే సరిపోతాయి. పి28 అనే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్), వీటెక్ (ఎక్కువ ఆర్‌పీఎమ్‌లో వాల్వులు ఇంకా ఎక్కువ తెరుచుకునేలా చేసే హోండా ఏర్పాటు) కోసం రెండు మూడు వైర్లు చేరిస్తే చాలు. 102 నుంచి 125కి పెరగడం కాగితం మీద చిన్నదిగా కనిపిస్తుంది కానీ టన్ను బరువు చుట్టుపక్కల ఉండే కారులో తేడా బాగా తెలుస్తుంది. రోజూ ఆఫీసుకు వెళ్ళే కారైతే మా ఓటు దీనికే.

ఇంటెగ్రాలో వచ్చే బి-సిరీస్ ఇంజినే కావాలనుకుంటే ఏది తీసుకోవాలి?

బి18బి1: ఇంటెగ్రా ఎల్ఎస్, ఆర్ఎస్ మోడళ్ళది. 1,834 సీసీ, 142 హార్స్‌పవర్. వీటెక్ లేదు కాబట్టి వైరింగ్ తేలిక. కింది ఆర్‌పీఎమ్‌లో లాగుడు బాగుంటుంది.

బి18సి1: ఇంటెగ్రా జీఎస్‌ఆర్‌ది. 1,797 సీసీ, 7,600 ఆర్‌పీఎమ్ దగ్గర 170 హార్స్‌పవర్. వీటెక్ 4,400 దగ్గర, ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోని రెండో దారులు 5,750 దగ్గర తెరుచుకుంటాయి. 8,000 వరకు తిరగడానికే పుట్టిన ఇంజిన్ ఇది. అలా తిప్పే అలవాటు లేనివాళ్ళకు దీని గొప్ప తెలియదు.

బి16ఎ2: 1999–2000 సివిక్ ఎస్ఐది. 1,595 సీసీ, 160 హార్స్‌పవర్. కింద బలం తక్కువ.

ఇంటెగ్రా టైప్ ఆర్ ఇంజిన్‌ను 195 హార్స్‌పవర్ ఉందని చాలామంది కోరుకుంటారు. ధర చాలా ఎక్కువ. పైగా దొంగిలించిన కార్ల నుంచి తీసినవి మార్కెట్లోకి రావడం పాత సమస్యే. ఏ ఇంజిన్ కొన్నా బ్లాకు మీది నంబరు ఫొటో తీసుకుని, అమ్మినవాళ్ళ దగ్గర ఆ నంబరుతో బిల్లు రాయించుకోండి.

1990–93 ఇంటెగ్రా ఇంజిన్ చవగ్గా దొరుకుతోంది, తీసుకోవచ్చా?

ఇంజిన్ వరకు తీసుకోవచ్చు. గేర్‌బాక్స్ మాత్రం వద్దు. వాటి క్లచ్ కేబుల్‌తో పనిచేస్తుంది, మీ సివిక్‌ది హైడ్రాలిక్. 1994 తర్వాతి ఇంటెగ్రా గేర్‌బాక్స్ వేరే తెచ్చుకోవాల్సి వస్తే చవక కాస్తా పోతుంది. సివిక్ డి-సిరీస్ గేర్‌బాక్స్ బి-సిరీస్ ఇంజిన్‌కు కలవదు, దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఇంజిన్‌తో పాటు ఇంకా ఏమేం కొనాలి?

అసలు కీలకం ఈ ప్రశ్నే. ఇంజిన్ ఒక చోట, గేర్‌బాక్స్ ఇంకో చోట, ఈసీయూ మరో చోట కొన్నవాళ్ళ కార్లే నెలల తరబడి జాక్ స్టాండ్ల మీద ఉండిపోతాయి. ఒకే కారు నుంచి తీసినవి, ఒకేసారి తెచ్చుకోండి:

– గేర్‌బాక్స్, ఫ్లైవీల్, స్టార్టర్, ఆల్టర్నేటర్
– రెండు యాక్సిళ్ళు, వాటి మధ్య ఉండే ఇంటర్మీడియట్ షాఫ్ట్
– ఇంజిన్‌కు, గేర్‌బాక్స్‌కు ఉన్న మౌంట్ బ్రాకెట్లన్నీ, ముఖ్యంగా వెనక ఉండే టీ ఆకారపు బ్రాకెట్
– గేరు లింకేజీ రాడ్లు రెండూ
– ఈసీయూ, డిస్ట్రిబ్యూటర్, ఇంజిన్ మీది వైరింగ్ మొత్తం
– థ్రాటిల్ కేబుల్, పై కింది రేడియేటర్ హోస్‌లు
– ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, కెటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్లు
– ఏసీ కావాలంటే కంప్రెసర్, దాని బ్రాకెట్

బ్రాకెట్ల బోల్టులు కూడా వదలొద్దు. పొడవులో కొన్ని మిల్లీమీటర్ల తేడా ఉన్న బోల్టు అల్యూమినియం కేసింగ్‌లో మర పాడుచేస్తుంది. మౌంట్ రబ్బర్లు మాత్రం కొత్తవి వేయండి. గట్టి పాలీయురెథేన్ రకం రేసు కారుకు బాగుంటుంది కానీ, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు డ్యాష్‌బోర్డు మొత్తం అదురుతుంది.

జపాన్ నుంచి దిగుమతయ్యే ఇంజిన్లు నమ్మొచ్చా? కొనేముందు ఏం చూడాలి?

చాలావాటి పరిస్థితి బాగానే ఉంటుంది. కానీ అవి ఎన్ని మైళ్ళు తిరిగాయో అమ్మేవాళ్ళు చెప్పే లెక్కకు రుజువుండదు, కాబట్టి ఇంజిన్‌నే అడగాలి. ఆయిల్ మూత తీసి లోపల చూడండి. లేత గోధుమ రంగు పొర ఫర్వాలేదు, నల్లటి మడ్డి ఉంటే వద్దు. కాఫీ నురగలా ఉంటే నీళ్ళు కలిశాయని అర్థం.

గేర్‌బాక్స్‌తో కలిసి ఉంటే బయట నేల మీదే స్టార్టర్‌కు బ్యాటరీ పెట్టి కంప్రెషన్ చూడొచ్చు. నాలుగు ప్లగ్గులూ తీసేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి తిప్పాలి. హోండా చెప్పే కనీస అంకె 135 పీఎస్ఐ. ఆరోగ్యంగా ఉన్న బి-సిరీస్ అంతకంటే చాలా పైనే చూపిస్తుంది. దానికంటే ముఖ్యం సిలిండర్ల మధ్య తేడా: 28 పీఎస్ఐ దాటకూడదు. ఒక సిలిండర్ తక్కువ చూపిస్తే చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ చూడండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు.

అమెరికాలో ఇది చట్టబద్ధమేనా?

సరిగ్గా చేస్తే అవును. ఫెడరల్ పర్యావరణ సంస్థ ఈపీఏ సూత్రం ఇది: ఇంజిన్ మార్చాక కారు అదే సంవత్సరానిదో, తర్వాతి సంవత్సరానిదో అయిన ఏదో ఒక సర్టిఫై చేసిన వాహనపు అమరికకు సరిపోవాలి. అంటే 1995 సివిక్‌లోకి 1994 ఇంజిన్ పనికిరాదు, 1995ది పనికొస్తుంది.

కాలిఫోర్నియాలో దీన్ని రెఫరీ (పొగ తనిఖీల్లో ఇలాంటి కార్లను చూసే అధికారిక కేంద్రం) దగ్గర తనిఖీ చేస్తారు. ఇంజిన్ వచ్చిన కారులో ఉన్న కెటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్లు, పెట్రోలు ఆవిరిని పట్టే చార్‌కోల్ డబ్బా, అన్నీ మీ కారులోనూ ఉండి పనిచేయాలి. పాసైతే లేబుల్ అంటిస్తారు. ఇక్కడే చాలామంది చిక్కుకుంటారు. 1996 నుంచి వచ్చిన ఇంజిన్లు ఓబీడీ-2వి (లోపాలను కారే కనిపెట్టి కోడ్లుగా చూపే వ్యవస్థలో రెండో తరం). వాటిని తేలికని చెప్పి పాత ఓబీడీ-1 ఈసీయూతో నడిపితే రెఫరీ ఒప్పుకోరు, ఓబీడీ-2 వ్యవస్థ మొత్తం మీ కారులోకి రావాల్సిందే. జపాన్ మార్కెట్ ఇంజిన్లకు అమెరికా సర్టిఫికేషన్ ఉండదు కాబట్టి, అమెరికా వెర్షన్‌తో సమానమని తేలాలి. కాలిఫోర్నియాలో ఉంటే డబ్బు ఇవ్వకముందే రెఫరీ కార్యాలయంతో మాట్లాడండి.

ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇండియాలో ఇలాగే పాత కారుకు పెద్ద ఇంజిన్ వేసుకోవచ్చా?

ఈ సివిక్ తరం ఇండియాలో అమ్మలేదు. కానీ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న పాత కారు గురించి ఇదే ప్రశ్న వస్తుంది. అక్కడ ఇంజిన్ నంబరు ఆర్‌సీలోనే ఉంటుంది కాబట్టి మార్పు దాగదు. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. పాడైన ఇంజిన్ స్థానంలో అదే కంపెనీ, అదే రకం ఇంజిన్ వేయడం వేరే సంగతి. దానికి ముందే ఆర్‌టీఏకు దరఖాస్తు చేసి, కొత్త నంబరు ఆర్‌సీలో ఎక్కించుకోవాలి.

ఏ పనిముట్లు, ఎంత చోటు కావాలి?

ఒక కారు పట్టే గరాజ్, గట్టి కాంక్రీటు నేల. తారు నేల మీద జాక్ స్టాండ్లు దిగబడతాయి, క్రేన్ చక్రాలు కదలవు. రెండు టన్నుల ఇంజిన్ క్రేన్ అద్దెకు దొరుకుతుంది. దాంతో పాటు ఇంజిన్‌ను ముందుకూ వెనక్కూ వంచే లెవలర్ తప్పక తెచ్చుకోండి. నాలుగు మంచి జాక్ స్టాండ్లు, టార్క్ రెంచి, 10 నుంచి 19 వరకు సాకెట్లు, యాక్సిల్ నట్టుకు 32 (కొన్నిటికి 36) మిల్లీమీటర్ల సాకెట్, బాల్ జాయింట్ పుల్లర్, లింకేజీ పిన్నుకు 8 మిల్లీమీటర్ల పంచ్.

గరాజ్‌లో గ్యాస్ వాటర్ హీటర్ ఉందేమో చూసుకోండి. దాని చిన్న మంట చాలు, పెట్రోలు ఆవిరి అంటుకోవడానికి. ఫ్యూయెల్ లైను విప్పే రోజు హీటర్ ఆపేసి, తలుపు తెరిచి పెట్టాలి.

పాత ఇంజిన్ తీసే వరుస ఏమిటి?

విప్పే ముందు ప్రతి కనెక్టర్‌కూ టేపు మీద పేరు రాసి అంటించి, ఫొటో తీయండి. ఇక పని:

ఏసీ ఉంటే గ్యాస్ షాపులోనే తీయించాలి. గాల్లోకి వదలడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. బ్యాటరీ విప్పి, బానెట్ తీసి పక్కన పెట్టండి. పెట్రోలు మూత తెరిచి, ఫ్యూయెల్ ఫిల్టర్ మీది సర్వీస్ బోల్టును గుడ్డ కప్పి మెల్లగా వదులు చేస్తే లైన్లో ఒత్తిడి పోతుంది. తర్వాత కూలెంట్, ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్ దింపండి. గేర్ ఆయిల్ దింపకుండా యాక్సిల్ లాగితే అది నేల మీదకు వస్తుంది. యాక్సిల్ నట్లను చక్రాలు నేల మీద ఉండగానే వదులు చేసుకోవాలి.

కింది బాల్ జాయింట్లు విడదీసి యాక్సిళ్ళు బయటికి తీయండి. గేరు లింకేజీలో ఉండే రోల్ పిన్ను అందరినీ విసిగించేది. దాని మీద ఉన్న క్లిప్పు ముందు తీసి, సరైన సైజు పంచ్‌తో నిటారుగా కొట్టాలి. సన్నటి పంచ్ వాడితే పిన్ను విచ్చుకుని అక్కడే బిగుసుకుపోతుంది. క్లచ్ స్లేవ్ సిలిండర్‌ను పైపు విప్పకుండానే పక్కకు కట్టేయొచ్చు. ఎగ్జాస్ట్, రేడియేటర్, హోస్‌లు, వైరింగ్ తీశాక చైను బిగించి, బరువు క్రేన్ మీదకు వచ్చాకే మౌంట్లు విప్పండి. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిపి పైకి వచ్చేస్తాయి. గేర్‌బాక్స్ వైపు కిందికి వంచితే దారి దొరుకుతుంది. వేలాడుతున్న ఇంజిన్ కింద ఎవరి చెయ్యీ, కాలూ ఉండకూడదు.

ఇంజిన్ బయట ఉండగానే ఏం మార్చాలి?

టైమింగ్ బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు, క్రాంక్ ముందు వెనక ఆయిల్ సీళ్ళు, క్యామ్ సీళ్ళు, ఆయిల్ ప్యాన్ గాస్కెట్, థర్మోస్టాట్, క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్. ఇవన్నీ బయట గంటల్లో అయ్యే పనులు. లోపల పెట్టాక వెనక సీలు కారితే గేర్‌బాక్స్ మళ్ళీ దింపాలి, ఆ ఆయిల్‌కు కొత్త క్లచ్ ప్లేటు కూడా పోతుంది.

బెల్టు విషయంలో పిసినారితనం అసలు వద్దు. బి-సిరీస్‌లో బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుంటాయి. బెల్టు ఎక్కించాక క్రాంక్‌ను అపసవ్య దిశలోనే తిప్పాలి. ఈ హోండాలు తిరిగే దిక్కు అదే. క్యామ్ పుల్లీ మీద మూడు పళ్ళు తిప్పి, టెన్షనర్ బోల్టును 54 న్యూటన్ మీటర్లకు బిగించండి. క్రాంక్ పుల్లీ బోల్టు 177.

వాల్వు గ్యాపు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. బి18సి1కు ఇన్‌టేక్ 0.15–0.19, ఎగ్జాస్ట్ 0.17–0.21 మి.మీ. బి18బి1కు ఇన్‌టేక్ 0.08–0.12, ఎగ్జాస్ట్ 0.16–0.20 మి.మీ.

ఫ్లైవీల్ బోల్టులు 103, ప్రెషర్ ప్లేటు బోల్టులు 26 న్యూటన్ మీటర్లు, ఎదురెదురుగా రెండు మూడు విడతల్లో. క్లచ్ ప్లేటు ఏ వైపు తిరగాలో రెండుసార్లు చూసుకోండి.

వైరింగ్ ఎంత కష్టం?

ఓబీడీ-1 కాలపు ఇంజిన్‌కు కష్టమేమీ కాదు. మీ సివిక్ వైరింగ్‌లో చాలా కనెక్టర్లు నేరుగా కలుస్తాయి. జీఎస్‌ఆర్‌కు పి72 ఈసీయూ వాడుతూ, సివిక్‌లో లేని నాలుగు వైర్లు లాగాలి (ఎ4, డి6 లాంటివి ఈసీయూ ప్లగ్గుల్లోని పిన్ను నంబర్లు):

– వీటెక్ సోలెనాయిడ్ నుంచి ఎ4
– వీటెక్ ప్రెషర్ స్విచ్ నుంచి డి6 (దాని రెండో వైరు ఎర్త్‌కు)
– నాక్ సెన్సర్ (ఇంజిన్‌లో పెట్రోలు అదుపు తప్పి మండే చప్పుడును పసిగట్టేది) నుంచి డి3
– ఇన్‌టేక్ రెండో దారుల సోలెనాయిడ్ నుంచి ఎ17 (దాని రెండో వైరుకు తాళం తిప్పితే వచ్చే 12 వోల్టులు)

నాక్ సెన్సర్‌కు షీల్డు ఉన్న వైరే వాడాలి. మామూలు వైరు వేస్తే చుట్టుపక్కల కరెంటు రొదకు ఈసీయూ మోసపోతుంది. జాయింట్లు సోల్డర్ చేసి, హీట్‌ష్రింక్ వేయండి. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు ఇంజిన్ వేడికి ఎక్కువ కాలం నిలవదు.

ఇంజెక్టర్లు ఇంజిన్‌తో వచ్చినవే వాడేటట్లయితే మీటరు పెట్టి రెసిస్టెన్స్ చూడండి. 10 ఓమ్‌ల పైన ఉంటే నేరుగా కలపొచ్చు. 2 ఓమ్‌ల దగ్గరుంటే రెసిస్టర్ బాక్స్ లేకుండా కలపకూడదు, ఈసీయూలోని డ్రైవర్ కాలిపోతుంది.

బిగించేటప్పుడు తరచూ జరిగే పొరపాట్లు?

మౌంట్ బోల్టులను ఒక్కొక్కటే పూర్తిగా బిగించుకుంటూ పోవడం. అన్నీ వేళ్ళతో ఎక్కించి, ఇంజిన్ బరువు మౌంట్ల మీదకు వదిలాక బిగించాలి. లేకపోతే రబ్బరు మెలిపడి అదురు వస్తుంది. గేర్‌బాక్స్‌ను ఇంజిన్‌కు కలిపేటప్పుడు బోల్టులతో లాగొద్దు. చేత్తో నెడితే అంచులు కలవాలి. కలవకపోతే క్లచ్ ప్లేటు మధ్యలో లేదన్నమాట. కలిశాక బోల్టులు 64, యాక్సిల్ నట్లు 181 న్యూటన్ మీటర్లు. యాక్సిల్ లోపలి చివర క్లిప్పు పడిన చప్పుడు వినిపించాలి, లాగితే బయటికి రాకూడదు.

గేర్ ఆయిల్ 2.2 లీటర్లు, హోండా ఎమ్‌టీఎఫ్ (మాన్యువల్ గేర్‌బాక్స్‌ల కోసం హోండా అమ్మే ఆయిల్). ఇంజిన్ ఆయిల్ ఫిల్టర్‌తో కలిపి జీఎస్‌ఆర్‌కు 4 లీటర్లు, బి18బి1కు 3.8.

మొదటిసారి ఎలా స్టార్ట్ చేయాలి?

డిస్ట్రిబ్యూటర్ కనెక్టర్లు, ఇంజెక్టర్ కనెక్టర్లు పీకేసి, ఆయిల్ లైటు ఆరేవరకు కొద్దికొద్దిగా సెల్ఫ్ కొట్టండి. అప్పుడు కనెక్టర్లు పెట్టి, తాళం ఆన్ చేస్తే ఫ్యూయెల్ పంపు రెండు సెకన్లు మోగి ఆగాలి. రెండు మూడుసార్లు అలా చేసి, లైన్లలో ఎక్కడైనా పెట్రోలు తడి ఉందేమో చూశాకే స్టార్ట్ చేయండి.

వేడెక్కుతున్నప్పుడు హీటర్ ఫుల్లుగా పెట్టి, థర్మోస్టాట్ హౌసింగ్ దగ్గరి బ్లీడ్ బోల్టు నుంచి బుడగలు ఆగేవరకు గాలి వదలండి. గాలి మిగిలితే ఉష్ణోగ్రత ముల్లు ఎగిరెగిరి పడుతుంది, హీటర్ చల్లగాలి ఇస్తుంది. ఫ్యాను ఆన్ అయ్యేదాకా పక్కనే ఉండండి. తర్వాత సర్వీస్ కనెక్టర్ (తనిఖీల కోసం హోండా ఇచ్చిన రెండు వైర్ల ప్లగ్గు) రెండు కొసలనూ చిన్న వైరుతో కలిపి టైమింగ్ లైటుతో చూస్తే జీఎస్‌ఆర్‌కు 750 ఆర్‌పీఎమ్ దగ్గర 16 డిగ్రీలు రావాలి.

సెల్ఫ్ తిరుగుతోంది, స్టార్ట్ కావడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

థర్మోస్టాట్ హౌసింగ్ మీద బిగించే ఎర్త్ వైరుతో. ఈసీయూ ఎర్త్ అక్కడే కలుస్తుంది, మర్చిపోయేదీ అదే. అది బాగుంటే పంపు మోగుతోందా చూడండి. మోగకపోతే మెయిన్ రిలే. ఈ తరం హోండాల్లో దాని లోపలి సోల్డర్ పగిలిపోవడం మామూలే, మళ్ళీ సోల్డర్ చేస్తే పనిచేస్తుంది. పంపు మోగుతూ స్పార్క్ లేకపోతే డిస్ట్రిబ్యూటర్: ఓబీడీ-2 డిస్ట్రిబ్యూటర్ ప్లగ్గు ఓబీడీ-1 వైరింగ్‌కు సరిపోదు.

సర్వీస్ కనెక్టర్ కలిపి తాళం ఆన్ చేస్తే చెక్ ఇంజిన్ లైటు కోడు మినుకుతుంది. 4, 8, 9 డిస్ట్రిబ్యూటర్ సెన్సర్లు. 7 థ్రాటిల్ సెన్సర్. 17 స్పీడ్ సెన్సర్. 21, 22 వీటెక్ వైర్లు. 23 నాక్ సెన్సర్.

కారు బాగానే నడుస్తోంది, వీటెక్ మాత్రం రావడం లేదు?

ముందు ఆయిల్ మట్టం చూడండి. వీటెక్ ఆయిల్ ఒత్తిడితోనే నడుస్తుంది, తక్కువుంటే రాదు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాలి. స్పీడ్ సెన్సర్ పనిచేయాలి, అందుకే నిలబెట్టిన కారును రేజ్ చేసి పరీక్షించడం దండగ. ఇవన్నీ సరిగ్గా ఉండి 22 కోడు వస్తుంటే సోలెనాయిడ్ కింద ఉండే జాలీ గాస్కెట్‌ను తీసి చూడండి, పాత ఇంజిన్లలో మడ్డితో పూడిపోతుంది.

బ్రేకులు కూడా మార్చాలా?

మార్చాలి. డీఎక్స్, సీఎక్స్‌ల ముందు డిస్కులు చిన్నవి, వెనక డ్రమ్ములు. 102 హార్స్‌పవర్‌కు చాలినవి 170కి చాలవు. ఇంటెగ్రా ముందు చక్రాల నకుల్స్ (చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే భాగాలు), క్యాలిపర్లు, 262 మిల్లీమీటర్ల డిస్కులు మొత్తంగా తెచ్చి వేయడం తేలిక. వెనక కూడా డిస్కులు పెడితే బ్రేకు ఒత్తిడి పంచే ప్రపోర్షనింగ్ వాల్వు కూడా డిస్కు కారుదే ఉండాలి. డ్రమ్ముల వాల్వుతోనే వదిలేస్తే ముందు వెనక బ్రేకుల పాళ్ళు కుదరవు. ఇంజిన్ బడ్జెట్ వేసుకునేటప్పుడే దీన్ని కలపండి, తర్వాత చేద్దామనుకుంటే కారు రోడ్డెక్కాక ఆ తర్వాత రాదు.

రోడ్డెక్కాక ఏం గమనించాలి?

మొదటి 50 మైళ్ళకు కూలెంట్ మట్టం, యాక్సిల్ సీళ్ళ దగ్గర చెమ్మ, ఎగ్జాస్ట్ నట్లు. కొత్త క్లచ్ కుదురుకునేదాకా మొదటి 500 మైళ్ళు ఊళ్ళో మామూలుగా నడపండి, నిలబడ్డ చోటి నుంచి దూకించొద్దు. 500 మైళ్ళకు ఆయిల్, ఫిల్టర్ మార్చి, పాత ఫిల్టర్‌ను కోసి మడతల్లో చూడండి. సన్నటి బూడిద రంగు పొడి కొంచెం ఉంటే భయం లేదు. రాగి రంగులో మెరిసే రజను కనిపిస్తే బేరింగులు అరుగుతున్నాయి. అలాగే నడపకుండా ఆయిల్ ప్యాన్ దింపి కనెక్టింగ్ రాడ్ బేరింగులు చూడాలి.